ఎర్ర గీత పెట్టెలు

ఎర్ర గీత పెట్టెలు అయిపోయాయని నేను మొదటి అబద్ధం చెప్పింది హెడ్మాస్టరు సౌన్యామా గారితో. ఆ క్షణాన ఎనిమిది పెట్టెలు నా మోకాలికి జానెడు దూరంలో, దూది చుట్టల వెనక ఉన్నాయి.

నవంబరు మొదటి వారం అది. మా వైపు వానాకాలం మొదలయ్యేది అప్పుడే. తొలి వానకే ముతారే పట్నంలో మా మందుల షాపు ముందు కాలవ పొంగింది. వచ్చినవాళ్ళంతా చెప్పులు చేత్తో పట్టుకుని లోపలికి వస్తున్నారు. ఆయనా అంతే. పాలిష్ చేసిన బూట్లు రెండూ ఒక చేతిలో, గొడుగు ఇంకో చేతిలో.

"ఏం చిహేరా, నన్ను చూడగానే ముఖం అలా పెట్టావు? బెత్తం గుర్తొచ్చిందా?"

మా గోత్రపు ఆడవాళ్ళని చిహేరా అని పిలుస్తారు. మొండిఘటాలని దేశమంతా మాకు పేరు. ఐదో తరగతిలో నాకు లెక్కలు చెప్పిన ఈయన ఆ పిలుపుని సగం గౌరవంగా, సగం ఎగతాళిగా వాడతాడు.

"ఎలా మర్చిపోతాను సార్? ఎడంచేతి మీదే కొట్టేవారు."

"కుడిచేత్తో రాయాలి కదా మరి. నా థైరాయిడు మాత్రలిచ్చెయ్యి, పోతాను. మళ్ళీ కురిసేలా ఉంది."

"ఎర్ర గీతవి అయిపోయాయి సార్. ఆకుపచ్చ పెట్టె ఉంది."

"తొమ్మిదేళ్ళుగా ఎర్ర గీతే వాడుతున్నానమ్మా. అది పడింది నాకు."

"మందు అదే సార్. పెట్టె వేరు, అంతే."

పంతొమ్మిదేళ్ళుగా ఆ కౌంటరు వెనక నిలబడి ఎన్ని వేలసార్లు ఆ మాట అన్నానో. బీపీ మాత్రలకీ అదే, షుగరు మాత్రలకీ అదే. ఎప్పుడూ గొంతుకి అడ్డం పడలేదు. ఆయన ఆకుపచ్చ పెట్టెని అటూ ఇటూ తిప్పి చూసి, జేబులో వేసుకుని, బూట్లు పట్టుకుని వెళ్ళిపోయాడు.

ఎర్ర గీత కంపెనీ సరుకు ఇక మా వైపు రాదని టోకు వ్యాపారి కబురు చేశాడు. ఆఖరి అట్టపెట్టెలో మిగిలిన ఎనిమిదీ తీసి దాచాను. మా యజమానురాలు డోరిస్ చూసింది. చూడనట్టు పక్కకి తిరిగింది. ఎవరి కోసమో ఆమెకి తెలుసు.

చనిపోయిన మా తమ్ముడి ఒక్కగానొక్క కూతురు చెనాయి. ఇరవై రెండేళ్ళప్పుడు మెడలో థైరాయిడు గ్రంథి మొత్తం తీసేశారు. అప్పట్నుంచీ ఆ చిన్న తెల్లమాత్రే దానికి గ్రంథి. పెళ్ళయ్యాక రెండుసార్లు కడుపు నిలిచినట్టే నిలిచి మూడో నెల దాటలేదు. ఈసారి ఐదో నెల నడుస్తోంది. పెద్దాసుపత్రి డాక్టరు నన్ను పక్కకి పిలిచి చెప్పాడు. "రక్తంలో థైరాయిడు సంఖ్య మూడు దాటకూడదు. మోతాదు సంగతి నేను చూసుకుంటాను. కంపెనీ మారకుండా మీరు చూసుకోండి. మారితే మళ్ళీ మొదట్నుంచి కొలుచుకోవాలి. అంత టైము మనకి లేదు."

అదీ నా అబద్ధం వెనక కథ. ఆ నవంబరులో ఇంకో పదకొండుమందికి అదే అబద్ధం చెప్పాను. ఆ తర్వాత లెక్కపెట్టడం మానేశాను.

*

తొలి కాన్పు పుట్టింట్లో జరగాలి. ఏడో నెల రాగానే అల్లుడి తరఫువాళ్ళు మేకలు తోలుకొచ్చి, పిల్లని తల్లి దగ్గర దింపాలి. మసుంగిరో అంటారు. అది జరక్కుండా బిడ్డ పుడితే మగవాళ్ళ తల వంగుతుంది, ఆడవాళ్ళ నోళ్ళు లేస్తాయి.

డిసెంబరు మధ్యలో హొండే లోయలో మా తమ్ముడి ఇంటికి వెళ్ళాం. చెనాయి మొగుడు లాజరస్ లారీ డ్రైవరు. బెయిరా రేవు నుంచి సెలవు పెట్టుకుని వచ్చి మేకల వెనక సిగ్గుపడుతూ నడిచాడు. తమ్ముడు లేడు కాబట్టి మేకల్ని అందుకుంది నేనే.

మా మరదలు లవ్‌నెస్ ఆ రోజు నేల మీద నిలవలేదు. చేమదుంపలు ఉడికించింది, మేకని కోయించింది, లోయలో ఉన్న ఆడవాళ్ళందర్నీ పిలిచింది. నేను ఆమెని వంటగది వెనక్కి తీసుకెళ్ళి సంచి చేతిలో పెట్టాను.

"ఇందులో నాలుగు పెట్టెలున్నాయి. పొద్దున్నే పరగడుపున ఒకటిన్నర మాత్ర. టీ కూడా గంట తర్వాతే. అర్థమైందా?"

"అర్థమైంది వదినా. నేనేమన్నా నిన్న పుట్టానా?"

"కాన్పు దాకా ఇవే. ఇంకేవీ వద్దు."

"సరే అన్నానుగా! పద, పొయ్యి మీద మాంసం మాడిపోతోంది. నీకు పట్నంలో మాత్రలు పంచడం తప్ప మాంసం తిప్పడం రాదు."

"నీకు మాత్రం వచ్చేమిటి? మా తమ్ముడు పదిహేనేళ్ళు మాడిందే తిన్నాడు, పాపం."

ఆమె నవ్వుతూ గరిటె ఎత్తింది. సంచి ఆమె చంకలో ఉంది. ముంగిట్లో ముప్ఫైమంది ఆడవాళ్ళు అటే చూస్తున్నారు. అది నేను గమనించాను. గమనించి ఏమీ అనుకోలేదు. పట్నం నుంచి వచ్చిన సంచిని ఎవరైనా చూస్తారు.

*

జనవరి మూడో వారంలో చెనాయి ఫోను చేసింది. కౌంటరు ముందు ఆరుగురు నిలబడి ఉన్నారు.

"అత్తా, చలేస్తోంది."

"హొండేలో జనవరిలో చలేమిటే? అరటిపళ్ళు చెట్టు మీదే ఉడుకుతుంటాయి కదా అక్కడ."

"అమ్మ కూడా అదే అంది. దుప్పటి కప్పుకుని కూర్చున్నాను. నిద్ర ఆగడం లేదు. కాళ్ళు బూరెల్లా ఉన్నాయి." మాట మధ్యలో ఆగి ఊపిరి తీసుకుంది. "బిడ్డ కూడా తక్కువ కదులుతోంది అత్తా."

"మాత్ర వేసుకుంటున్నావా?"

"రోజూ. ఒకటిన్నర."

"ఏ పెట్టె?"

ఫోనుని చెవికి ఇంకా గట్టిగా అదిమి మళ్ళీ అడిగాను.

"చెనాయీ, పెట్టె ఏ రంగు?"

"నీలం," అంది.

ఫోను పెట్టేసి కౌంటరు మీద చెయ్యి ఆనించి నిలబడ్డాను. డోరిస్ నా గొడుగు తెచ్చి చేతికిచ్చింది.

బస్సు మూడు చోట్ల ఆగిపోయింది. రెండు చోట్ల అందరం దిగి బురదలో తోశాం. లోయలోకి దిగేసరికి మధ్యాహ్నమైంది. చెనాయి వంటగదిలో గోడకి ఆనుకుని కూర్చుని ఉంది. ముఖం ఉబ్బి, కళ్ళు చిన్నవైపోయి, దాని ముఖంలా లేదు. నన్ను చూసి నవ్వడానికి కూడా ఆలస్యమైంది.

"లవ్‌నెస్, నేనిచ్చిన పెట్టెలేవి?"

మా మరదలు చేతులు తుడుచుకుంటూ వచ్చింది. "పంచాను వదినా."

"పంచావా?"

"మరేం చెయ్యమంటావు? నువ్వు అందరి ముందూ సంచి ఇచ్చావు. మర్నాడు పొద్దున్నే వచ్చి కూర్చున్నారు. పట్నం నుంచి మెడ మందు వచ్చిందట కదా అన్నారు. ఈ లోయలో మెడ వాయనిది ఎవరికి చెప్పు? మేక మాంసం పంచి, మందు ఒక్కర్తినీ దాచుకుంటే నా ముఖం ఎలా చూపించను? తలా ఒక అట్ట ఇచ్చాను. పది అట్టలు. రెండు అట్టలు దీనికి ఉంచాను. అవి అయిపోగానే మిషన్ ఆసుపత్రికి నడిచెళ్ళి తెచ్చాను. ఒక్క రోజు కూడా మాననివ్వలేదు. ఏడు మైళ్ళు నడిచాను వదినా, వానలో!"

"అవి వేరే కంపెనీవి!"

"పేరు అదే ఉంది. నెంబరు కూడా అదే. చదవడం వచ్చు నాకు." ఆమె గొంతు పెరిగింది. "నువ్వేగా చెప్పావు? క్రితం ఏడాది నా బీపీ మాత్రలు మారిస్తే నేను అడగలేదూ? మందు అదే లవ్‌నెస్, పెట్టె వేరు, అంతే అనలేదూ నువ్వు?"

అన్నాను. నవ్వుతూ అన్నాను. ఇంకా ఎవరో లైనులో ఉంటే, ముందుకు జరుగు అని కూడా అన్నాను.

గొడుగు తీసుకుని బయటికి నడిచాను.

ఇచ్చింది తిరిగి అడగడానికి మా వైపు మాట లేదు. ఉన్నా దాన్ని ఎవరూ నోట పలకరు. నేను పది గడపలు ఎక్కి పలికాను. ప్రతి గడప దగ్గరా మోకాళ్ళ మీద కూర్చుని, మర్యాదకి చేతులు చరిచి, కుశలం అడిగి, వానల గురించి మాట్లాడి, ఆ తర్వాత. కొందరు జాలిగా చూశారు. కొందరు కోపంగా లోపలికెళ్ళి అట్ట తెచ్చి నా ముందు నేల మీద పడేశారు. ఒకామె తలనొప్పి వచ్చినప్పుడల్లా వేసుకుందట. ఇంకొకామె వచ్చే వర్షాకాలానికని సద్జా ముద్ద వండుకునే మొక్కజొన్న పిండిలో దాచింది.

ఎనిమిదో గడప ముసలావిడది. మెడ మీద జామకాయంత వాపు.

"ఒకటి మింగానమ్మా. గుండె మేకపిల్లలా గెంతింది. ఇక నాకెందుకని మిగతావి జబ్బు చేసిన కోడిపిల్లకి నూరి పోశాను."

"చచ్చిపోయిందా?"

"చావడమా? పట్టుకో చూద్దాం. మూడు వారాల్నుంచి దాని వెనక పరిగెడుతున్నాను, కోసుకుందామని."

నవ్వు రాలేదు. వచ్చి ఉంటే బాగుండేది. అన్నీ కలిపితే ఇరవై ఏడు మాత్రలు వెనక్కొచ్చాయి.

తిరిగి వచ్చేసరికి లవ్‌నెస్ వంటగది గుమ్మంలో అడ్డంగా కూర్చుని ఉంది. నేనేం చెప్పబోతున్నానో ఆమెకి ముందే తెలిసిపోయింది.

"దీన్ని తీసుకెళ్ళనివ్వను."

"ఇప్పుడే బయల్దేరితే సాయంత్రం బస్సు దొరుకుతుంది."

"తొలి కాన్పు వదినా! మేకలు తిన్నాం. మేకలు తిని పిల్లని పంపించేసిందంటారు నన్ను. ఏమన్నా జరగరానిది జరిగితే ఆ పాపం నా నెత్తిన పెడతారు. పుట్టిల్లు వదిలి పట్నంలో ఎక్కడో కంటుందా నా కూతురు?"

"ఎక్కడో కాదు. సకుబ్వాలో నా ఇంట్లో."

"నీ ఇల్లు దాని పుట్టిల్లెలా అవుతుంది?"

నేను ఆమె పక్కన ఆ తడి గుమ్మంలో కూర్చున్నాను. నడుము నొప్పి. చీలమండల దాకా బురద. గట్టిగా అరిచే ఓపిక లేదు.

"మేకల్ని ఎవరు అందుకున్నారు లవ్‌నెస్?"

"నువ్వే," అంది.

"తండ్రి అక్కని ఏమంటారు మనలో? ఆడతండ్రి అంటారు. పెళ్ళిలో నన్నలాగే కూర్చోబెట్టారు. మేకల దగ్గరా అలాగే కూర్చోబెట్టారు. అప్పుడు నేను దాని తండ్రినైతే, నా ఇల్లు దాని తండ్రి ఇల్లు కాదా?"

వాన చూరు మీంచి కారుతోంది. లోపల చెనాయి గోడకి తల ఆనించి మళ్ళీ నిద్రపోయింది. కూర్చునే నిద్రపోయింది. ఇద్దరం అటు చూశాం.

లవ్‌నెస్ లేచి లోపలికెళ్ళింది. కుండలు కదిలిన చప్పుడైంది. పావుగంట తర్వాత తల మీద మూటతో, చంకలో సద్జా తిప్పే తెడ్డుతో బయటికొచ్చింది.

"నీ తెడ్డు వంకర," అంది నన్ను చూడకుండా. "దాంతో నేను వండలేను."

*

మర్నాడు రక్తంలో సంఖ్య పధ్నాలుగు వచ్చింది. డాక్టరు ఆ సంఖ్య చుట్టూ పెన్నుతో గీత గీశాడు.

"కంపెనీ మారినందుకా? మాత్రలు వేడికి పాడయ్యాయా? నేను చెప్పలేను. ఎర్ర గీతవి ఎన్నున్నాయి?"

"అరవై. ఇంకో ఇరవై ఏడు."

"కాన్పు దాకా?"

"వస్తాయి. ఒకటో రెండో మిగలచ్చు."

"ఎవరికీ ఇవ్వకండి," అన్నాడు.

నాది రెండు గదుల ఇల్లు. మంచం చెనాయిది. నేల మీద మేమిద్దరం. లవ్‌నెస్ నాలుగింటికే లేచి, మాత్ర మింగించి, గంట అయ్యేదాకా పొయ్యి దగ్గర కాపలా కూర్చునేది. చెనాయి టీ వాసన చూసి మూలిగితే తెడ్డు చూపించేది. ఎవరైనా పలకరించడానికి వస్తే గుమ్మంలోనే ఆపి, "పంచడానికేమీ లేవు," అని ముందే చెప్పేసేది. మా వీధిలో వారంలోనే ఆమెకి చెడ్డపేరు వచ్చింది. పట్టించుకోలేదు.

నాతో మాత్రం ముక్తసరిగా మాట్లాడేది. ఉప్పు ఎక్కడుంది, నీళ్ళు ఎప్పుడొస్తాయి. అంతే.

ఫిబ్రవరిలో ఒక మధ్యాహ్నం హెడ్మాస్టరు గారు వచ్చారు. కుండపోతగా కురుస్తోంది. ఆయన చేతిలో గొడుగు లేదు. బూట్లు కాళ్ళకే ఉన్నాయి, నీళ్ళు కారుతున్నాయి. కౌంటరు దగ్గర నిలబడి ఎందుకొచ్చాడో గుర్తు తెచ్చుకుంటున్నట్టు చూశాడు. ముఖం ఉబ్బింది. ఆ ఉబ్బు నాకు తెలుసు. రోజూ ఇంట్లో చూస్తున్నాను.

"మాత్రలు," అన్నాడు చివరికి. "నవంబరులో నువ్విచ్చిన ఆకుపచ్చవి అయ్యాక ఇంకో షాపులో నీలం ఇచ్చారు. తర్వాత మా అల్లుడు సరిహద్దు అవతల నుంచి పసుపువి తెచ్చాడు. నిన్న మా వీధి మర్చిపోయాను. నలభై ఏళ్ళు నడిచిన వీధి. ఎర్ర గీత ఒక్క పెట్టె కూడా లేదా అమ్మా?"

చిహేరా అనలేదు. ఎగతాళి లేదు.

"ఉన్నాయి సార్," అన్నాను.

నోరు దానంతటదే అంది. ఇక మిగతాది కూడా చెప్పేశాను. చెనాయి, రెండుసార్లు కడుపు పోవడం, దూది చుట్టలు, లోయ, అన్నీ. వెనక లైనులో ఉన్నవాళ్ళు వింటున్నారు. డోరిస్ వింటోంది.

"నవంబరులో నాకు లేవన్న రోజున కూడా ఉన్నాయా?"

"ఉన్నాయి."

ఆయన తడిసిన కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు.

"ఇప్పుడెన్నో నెల?"

"ఎనిమిది నిండింది."

"నువ్వు దాచినందుకు నాకు కోపం లేదు. నేనైనా దాచేవాణ్ణి. కానీ పెట్టె మారింది సార్, జాగ్రత్త, రక్తం చూపించుకోండి అని ఒక్క ముక్క అంటే సరిపోయేది కదా. మందు అదే అన్నావు. నిన్ను నమ్మాను. ఏది చేతికొస్తే అది మింగాను."

ఐదో తరగతిలో తప్పు లెక్క చేసినప్పుడు ఆయన ఇలాగే మాట్లాడేవాడు, మెల్లగా. బెత్తమే నయం.

"ఎప్పుడూ దొరికేది ఏది ఇక్కడ?" అన్నాడు.

"ఆకుపచ్చ, సార్."

"అదే ఇవ్వు. మంచిదా చెడ్డదా అని చూడను. ఇక దాన్ని వదలను. పెట్టె మీద ఈ రోజు తేదీ వెయ్యి. ఆరు వారాలకి రక్తపరీక్ష తేదీ కూడా వెయ్యి. పెద్ద అక్షరాలతో. నేను మర్చిపోతాను."

రాశాను. వెనక ఉన్న ఆడమనిషి తన పెట్టె కూడా ముందుకు తోసింది. "నాక్కూడా రాయమ్మా," అంది. దాని వెనక ఇంకొకటి. ఆ రోజు షాపు మూసేసరికి నా పెన్నులో సిరా అయిపోయింది.

*

సంఖ్య పధ్నాలుగు నుంచి ఆరుకి దిగింది. మార్చి మొదట్లో రెండు పాయింట్ ఎనిమిది. చెనాయి ముఖం మళ్ళీ దానిదైంది. బిడ్డ కదలికలకి చెంగు ఎగిరిపడుతుంటే మా ఇద్దర్నీ పిలిచి చూపించేది. మేం చెరో పక్కన కూర్చుని చూసేవాళ్ళం. ఒకరితో ఒకరం మాట్లాడకుండా.

మార్చి పధ్నాలుగు, వానలు తగ్గుముఖం పట్టాక, ఉదయం ఆసుపత్రిలో చేర్చాం. మధ్యాహ్నం మూడింటికి ఆడపిల్ల పుట్టింది. రెండు కిలోల తొమ్మిది వందలు. ఏడుపు వరండా చివరిదాకా వినపడింది. కానీ తల్లి సంగతి తెలిసి డాక్టరు బిడ్డ రక్తం కూడా పరీక్షకి పంపాడు. రేపు చెబుతానన్నాడు.

మేమిద్దరం ఇంటికి వెళ్ళలేదు. వరండాలో సిమెంటు బెంచీ మీదే ఉండిపోయాం. లాజరస్ బెయిరా నుంచి పదిసార్లు ఫోను చేశాడు. పదిసార్లూ రేపు అని చెప్పాం.

మర్నాడు పదకొండు గంటలకి డాక్టరు కాగితం పట్టుకుని బయటికొచ్చాడు. లవ్‌నెస్ లేవలేదు. నేనే లేచాను.

"బిడ్డకి ఏ లోటూ లేదు. గ్రంథి చక్కగా పనిచేస్తోంది," అన్నాడు. "తల్లికి మోతాదు తగ్గిస్తాను. ఇక ఆ పాత కంపెనీ దొరకదు కాబట్టి ఆకుపచ్చకి మారుద్దాం. ఆరు వారాలకి మళ్ళీ చూద్దాం. అప్పుడు మళ్ళీ సరిచేసుకుందాం. కొన్నాళ్ళు పడుతుంది."

తల ఊపాను. మళ్ళీ మొదట్నుంచి అన్నమాట. మళ్ళీ నిద్రలు, చలి, వాపు, లైనులో నిలబడి రక్తం ఇవ్వడం. సరే. ఈసారి ఎదురుచూడ్డానికి టైముంది.

బెంచీ దగ్గరికి తిరిగొచ్చి, "బావుందిట," అన్నాను. గోడకి తల ఆనించాను. నవంబరు నుంచి మోస్తున్నదంతా ఒక్కసారి కాళ్ళలోకి దిగినట్టయింది. లోపల బిడ్డ ఏడుస్తోంది. ఎవరో దాన్ని ఊరుకోబెడుతున్నారు. నాకు కళ్ళు మూతలు పడిపోయాయి.

సగం నిద్రలో నా పాదం ఎవరో పైకి లేపినట్టు తెలిసింది. చెప్పు పట్టీ ఊడింది. తర్వాత రెండో పాదం. బరువైన, గరుకు వేళ్ళు నా వాచిన మడమల్ని మెల్లగా నొక్కుతున్నాయి.

"పడుకో వదినా," అంది లవ్‌నెస్. "దాన్ని నేను చూసుకుంటాను."

కళ్ళు తెరవలేదు. తెరిస్తే ఆమె ఆపేస్తుందని.